మీ జేబులో ఈ రోజు ఎంత నగదు ఉంది? ఇరవై ఏళ్ళ వయసులో ఎంత ఉండేది?

రాజమహేంద్రి వాసి (ప్రశ్న)

నమస్కారం. నా వయసు 47. నాలుగు రోజుల కిందట మా ఇంటికి కరెంటు పని చేయడానికి వచ్చిన అబ్బాయికి 350 రూపాయలు ఇవ్వవలసి వచ్చింది. అతని ఫోన్ మరమ్మతులో ఉండటం వల్ల నోట్లే కావాలన్నాడు. నా పర్సు తెరిస్తే రెండు ఇరవైలు, ఒక పది కనిపించాయి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికి అసలు పర్సే లేదు. 76 ఏళ్ళ మా నాన్నగారు మాత్రం మంచం మీద నుంచి లేవకుండానే లోజేబులోని మడత విప్పి, 350 లెక్కపెట్టి అతని చేతిలో పెట్టారు. మడతలో ఇంకా 5,200 ఉన్నాయి. వారానికి రెండుసార్లు కూడా గడప దాటని మనిషికి అంత డబ్బు దగ్గర ఎందుకని అడిగితే, ఆయన నవ్వి ఊరుకున్నారు.

అప్పటి నుంచి నా అలవాటు ఎప్పుడెప్పుడు ఎలా మారిందో గుర్తు చేసుకుంటున్నాను. కాలేజీ రోజుల్లో ఇరవై రూపాయలుంటే గొప్ప. ఉద్యోగంలో చేరాక పర్సులో రెండు వేలు, దాని లోపలి అరలో అవసరానికని ఎప్పుడూ తీయని ఒక వంద నోటు ఉండేవి. పిల్లలు పుట్టాక ఏ రాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తుందోనని ఐదు వేలకు తగ్గనిచ్చేవాణ్ణి కాదు. 2016 నవంబరు 8 రాత్రి ఐదు వందలు, వెయ్యి నోట్లు రద్దయినప్పుడు మా అమ్మ బియ్యం డబ్బా అడుగు నుంచి పద్నాలుగు ఐదు వందల నోట్లు తీసి, తప్పు చేసినట్టు తల వంచుకొని నాన్నగారికి ఇచ్చింది. ఆ ఏడు వేలకన్నా ఆవిడ ముఖమే నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తరువాత యూపీఐ అలవాటయింది, కరోనా వచ్చింది, నా పర్సు పలచబడుతూ యాభైకి చేరింది.

నా సందేహమల్లా ఇది. మనం దగ్గర ఉంచుకునే నగదును వయసు నిర్ణయిస్తుందా, లేక కాలం నిర్ణయిస్తుందా? నాన్నగారి వయసు వచ్చేసరికి నేను కూడా లోజేబు కుట్టించుకుంటానా? మీ వయసు, మీ దగ్గర ఉండే మొత్తం, అంతే ఎందుకు ఉంచుకుంటారన్న కారణం రాయగలరు.

తెనాలి విశ్రాంత ఉపాధ్యాయుడు

నాకు 74 ఏళ్ళు. మీ నాన్నగారు నవ్వి ఊరుకున్న చోట నేను సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను, ఎందుకంటే నా లోజేబులో కూడా ప్రస్తుతం మూడు వేలు ఉన్నాయి, మా అబ్బాయి కూడా ఇదే ప్రశ్న అడిగాడు.

1975లో ఉద్యోగంలో చేరినప్పుడు రిజిస్టరులో రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకొని జీతం నోట్లుగా లెక్కపెట్టి ఇచ్చేవారు. ఆ రోజు సాయంత్రం ఇంటికి నడిచే రెండు మైళ్ళూ చెయ్యి జేబు మీద నుంచి తీసేవాణ్ణి కాదు. అయితే మరుసటి రోజు నా దగ్గర మిగిలేది ఐదో పదో. పాలవాడు, చాకలి, కిరాణా పద్దు, నాన్నకు పంపే మనియార్డరు, అన్నీ ఒక్క పూటలో తెగిపోయేవి. 1978 జనవరిలో వెయ్యి, ఐదు వేలు, పది వేల నోట్లను రద్దు చేశారని పత్రికలో చదివినప్పుడు, మా ఉపాధ్యాయుల గదిలో ఆ నోట్లను కళ్ళతో చూసినవారు ఒక్కరూ లేరు. కాబట్టి "పూర్వం అందరూ నగదు మోసేవారు" అనే మాట పూర్తిగా నిజం కాదండీ. డబ్బంతా నగదుగానే ఉండేది గాని, ఆ డబ్బు మనిషి దగ్గర నిలిచేది కాదు.

నా దగ్గర నగదు పెరిగింది పదవీ విరమణ తరువాతనే. దానికి ఫోన్ రాకపోవడం కారణం కాదు. నాకు ఫోన్‌లో డబ్బు పంపడం వచ్చు, కరెంటు బిల్లు నేనే కడతాను. అసలు కారణం వేరు. పెద్దవాళ్ళకు అవసరమయ్యే డబ్బు చాలా చిన్న మొత్తాల్లో, వేళాపాళా లేకుండా అవసరమవుతుంది. గుడిలో హారతి పళ్ళెంలో పది, ఆటోకు నలభై, మందుల దుకాణంలో ఒక స్ట్రిప్పు, ఊరి నుంచి వచ్చిన మనవడి చేతిలో రెండు వందలు, చావు కబురు చెప్పడానికి వచ్చిన వ్యక్తికి బస్సు ఖర్చులు. ఇవన్నీ కొడుకుని అడిగితే ఇస్తాడు. కాదనడు, ఎందుకని కూడా అడగడు. కాని అడగవలసి రావడమే కష్టం. ముప్ఫై మూడేళ్ళు జీతం తెచ్చిన మనిషి ఇరవై రూపాయల కోసం పక్క గదిలోకి వెళ్ళి కొడుకు మీటింగు ఎప్పుడు ముగుస్తుందా అని గుమ్మం దగ్గర నిలబడటం మీరు ఊహించుకోండి. మా ఈడు వాళ్ళ లోజేబులో ఉన్నది ఆ గుమ్మం దగ్గర నిలబడే అవసరం లేకపోవడం. మూడు వేలకు లెక్క ఉందా అంటే ఉంది: ఒక నెల చిల్లర ఖర్చులు, దానికి తోడు ఒక్కసారి ఆసుపత్రికి వెళ్ళి రావడానికి సరిపడా.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఏటీఎంలో వచ్చే ఐదు వందల నోటు మాకు పెద్దగా పనికిరాదు. నలభై రూపాయల ఆటోకు ఐదు వందలు చూపిస్తే అతడు మన ముఖం చూస్తాడు. బ్యాంకులో మనిషిని బతిమాలి వంద నోట్ల కట్ట తెచ్చుకుంటాను, ఇప్పుడు చాలా ఏటీఎంలలో వంద లేదా రెండు వందల నోట్లు తప్పనిసరిగా ఉండాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించింది కాబట్టి ఆ బాధ కొంత తగ్గుతుందని ఆశ.

మాదాపూర్ హాస్టల్

మాస్టారూ, నమస్కారం. నాకు 24 ఏళ్ళు. మీరు చెప్పిన "అడగవలసి రావడం" అనే మాట చదివాక నా సంగతి కూడా రాయాలనిపించింది, ఎందుకంటే నా వయసులో కూడా అదే కారణం మరో రూపంలో ఉంది.

పైకి చూస్తే నేను ప్రశ్న అడిగినవారి అమ్మాయి లాంటిదాన్నే. హాస్టల్ అద్దె, టిఫిన్, మెట్రో, కూరగాయల బండి, అన్నీ ఫోన్‌తోనే. ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులకు కూడా 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో మహిళలకు చార్జీ లేదు కాబట్టి, కండక్టరుకు చిల్లర ఇవ్వవలసిన ఆఖరి అవసరం కూడా పోయింది. ఫోన్ కవరు వెనుక మడిచిన ఒక ఐదు వందల నోటు ఉంటుంది, అది అమ్మ పెట్టింది. 2025 ఏప్రిల్ 12న యూపీఐ చాలాసేపు మొరాయించినప్పుడు దోశ తిని కౌంటరు దగ్గర నిలబడి ఆ నోటు తీశాను. చిల్లర లేదని యజమాని డబ్బు రేపు ఇమ్మన్నాడు. అంటే అత్యవసరానికి దాచిన నోటు అత్యవసరంలో చెల్లలేదు.

అయితే ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను ప్రతి నెలా ఒకటో తేదీన రెండు వేలు తీసి బీరువాలో బట్టల మధ్య పెట్టుకునేదాన్ని. నా బ్యాంకు ఖాతా చదువుకునే రోజుల్లో తెరిచినది, దానికి మా నాన్న ఫోన్ నంబరే ముడిపడి ఉండేది. నేను ఎక్కడ ఎంత ఖర్చు పెట్టినా ఆయన ఫోన్‌కు సందేశం వెళ్ళేది. నాన్న ఎప్పుడూ కోప్పడలేదు, కాని రాత్రి ఫోన్ చేసినప్పుడు "ఆ 640 ఏమిటమ్మా?" అనేవారు. సినిమా, స్నేహితురాలి పుట్టినరోజు, చెప్పకూడని ఖర్చులేమీ కావు, అయినా ప్రతిదానికీ జవాబు చెప్పుకోవడం నచ్చేది కాదు. నోటుకు ఆ గొడవ లేదు. నంబరు మార్చుకున్న నెల నుంచి బట్టల మధ్య డబ్బు పెట్టడం మానేశాను. ప్రశ్న అడిగినవారి అమ్మగారి బియ్యం డబ్బా గురించి చదివినప్పుడు నా బీరువా గుర్తుకు వచ్చింది. ఆవిడకు నంబరు మార్చుకునే వీలు లేదు, అంతే తేడా.

నర్సంపేట అంగడి

నాది కిరాణా, దానితోపాటు కొద్దిగా ఎరువుల వ్యాపారం. వయసు 52. కౌంటరు వెనుక ఇరవై ఏడేళ్ళుగా ఉన్నాను కాబట్టి నా జేబు గురించి కాకుండా, ఎదుటివారి జేబుల గురించి నేను చూసినది రాస్తాను.

పది రూపాయల బిస్కెట్ పొట్లానికి కూడా పాతికేళ్ళ లోపు పిల్లలు స్కాన్ చేస్తారు. వృద్ధులు ఇంటి దగ్గరే సరిగ్గా లెక్కపెట్టుకొని, నోట్లు చుట్టగా చుట్టి తెస్తారు, వారితో నాకు చిల్లర సమస్య ఉండదు. చిత్రమైన వారు నలభై, యాభై ఏళ్ళ మధ్యవారు. వారు సరుకు ఫోన్‌తోనే కొంటారు, కాని నెలలో నాలుగైదుసార్లు వచ్చి, "సేటూ, వెయ్యి ఫోన్ల వేస్త, నోట్లియ్యి" అంటారు. ఎందుకని అడిగితే, కూలీలకని ఒకరు, పెండ్లిల చదివింపులకని ఒకరు, తల్లి చేతికియ్యడానికని ఒకరు చెబుతారు. నూట పదహార్లు కవరులో పెట్టి ఇవ్వాలి గాని, పెండ్లికూతురి ఫోన్‌కు పంపితే మర్యాద కాదు కదా. అంటే ఈ వయసువారు తమ కోసం నగదు వాడరు, ఇతరుల కోసం వాడతారు. నా అంగడి వారికి ఏటీఎం అయింది. నాకు కూడా గల్లాలో నోట్లు తగ్గడం మేలే కాబట్టి కాదనను.

రైతుల సంగతి వేరు, అక్కడ వయసు పట్టదు, కాలమే పడుతుంది. ఏడాదిలో పది నెలలు వారి దగ్గర రెండు వందలుండవు. మిర్చి కాలంలో వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో సరుకు అమ్మి వచ్చిన రోజు ఒక్కొక్కరి నడుముకు కట్టుకున్న తువ్వాలలో లక్ష కూడా ఉంటుంది. అదంతా రెండు రోజుల్లో నా బాకీకి, ఇతరుల బాకీలకు పోతుంది. 2023 నవంబరులో ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు యాభై వేలు దాటితే కాగితం చూపాలని తనిఖీల్లో ఆపేవారు కాబట్టి, మార్కెట్ ఇచ్చిన తక్‌పట్టీని (సరుకు అమ్మిన రసీదును) నోట్లకన్నా భద్రంగా దాచుకునేవారు.

ఇక పది రూపాయల నాణేలు తీసుకోని వారితో ప్రతి రోజూ పోరాటమే. అన్ని నమూనాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు ఎన్నిసార్లు చెప్పినా, మా వైపు "ఇది నడవదు" అంటే నడవదు.

సింగ్‌నగర్ మూడో వీధి

విజయవాడ నుంచి రాస్తున్నాను, వయసు 38. 2024 ఆగస్టు వరకు నేను నగదు ముట్టని మనిషిని. సెప్టెంబరు 1న బుడమేరు నీరు మా వీధిలోకి వచ్చింది. కరెంటు పోయింది, సాయంత్రానికి ఇంట్లోని మూడు ఫోన్లూ ఆరిపోయాయి. నా ఖాతాలో రెండు నెలల జీతం ఉంది, చేతిలో ఒక్క రూపాయి లేదు. మేము రెండో అంతస్తులో ఉన్నాము. మా కింది ఇంటి మామ్మగారిని పైకి తెచ్చుకున్నాము. ఆవిడ తన చీర కొంగు ముడిలో నాలుగు వేలు పట్టుకొని వచ్చారు. ఒకటో తేదీ ఆదివారం కావడం వల్ల ఆ నెల పింఛను ప్రభుత్వం ముందు రోజే, ఆగస్టు 31న, ఇంటికి తెచ్చి ఇచ్చింది. ఆ ముడి విప్పి ఆవిడ పాల ప్యాకెట్లు, మంచినీళ్ళు కొన్నారు, మా పిల్లవాణ్ణి, మా ఆవిడను గట్టుకు చేర్చడానికి ఒక ప్రైవేటు పడవ వ్యక్తి అడిగినంత ఇచ్చారు. అతడు ఎంత అడిగాడో ఇక్కడ రాయను, రాస్తే మళ్ళీ కోపం వస్తుంది.

తరువాత ఆ డబ్బు తిరిగి ఇవ్వబోతే మామ్మగారు పడవ ఖర్చు మాత్రం తీసుకున్నారు, పాల డబ్బు వద్దన్నారు. ఇప్పుడు మా ఇంట్లో మూడు వేలు, అన్నీ వందలూ యాభైలూ, ప్లాస్టిక్ సంచిలో చుట్టి పై అరలో ఉంటాయి. జేబులో మాత్రం ఇప్పటికీ ఏమీ ఉండదు. కాబట్టి నా అలవాటును వయసు మార్చలేదు, ఒక ఆదివారం మార్చింది.

గుంటూరు నుంచి మ్యూనిక్

చిన్న జోడింపు మాత్రమే. వయసు 29. హైదరాబాద్‌లో నాలుగేళ్ళు పర్సు లేకుండా తిరిగిన నేను జర్మనీకి వచ్చాక నాణేల కోసం ప్రత్యేకంగా అర ఉన్న పర్సు కొన్నాను. రొట్టెల దుకాణంలో కార్డు చెల్లదని మొదటి వారంలోనే చెప్పారు. సూపర్‌మార్కెట్‌లో బండి తీసుకోవాలంటే దాని తాళంలో ఒక యూరో నాణెం పెట్టాలి. ఇప్పుడు నా దగ్గర ఎప్పుడూ యాభై యూరోలుంటాయి. సెలవుల్లో ఇంటికి వచ్చి జేబులోంచి చిల్లర తీస్తే, మా చెల్లెలు నన్ను తాతయ్య అని పిలిచింది.

రాజమహేంద్రి వాసి

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు గారు రాసినది ఫోన్‌లో చూపిస్తే నాన్నగారు అద్దాలు పెట్టుకొని రెండుసార్లు చదివారు. "ఈయనెవరో బాగా రాశాడు" అన్నారు, అంతకు మించి ఏమీ చెప్పలేదు. నేను కూడా మళ్ళీ అడగలేదు.

అయితే ఆ మడతలో ఉన్నవి దాదాపు అన్నీ ఐదు వందల నోట్లేనని ఇప్పుడు గమనించాను. వాటిని తీసుకొని నిన్న బ్యాంకుకు వెళ్ళి, వందలు, యాభైలు, ఇరవైలుగా మార్చి తెచ్చాను. నాన్నగారు తడి వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టుకొని, నలభై తక్కువ ఉన్నాయన్నారు. వచ్చేటప్పుడు ఆటోకు అందులోంచే ఇచ్చానని చెప్పాను. ఆ నలభై ఈ రోజు ఉదయం అడిగి తీసుకున్నారు.