పాత మియాటాకు ఏ బ్రేక్ ప్యాడ్లు మంచివి?

ప్రశ్న: నా దగ్గర 1992 నాటి మాజ్దా మియాటా స్పోర్ట్స్ కారు ఉంది. ఆఫీసుకు, వారాంతాల్లో కొండదారులకు తప్ప ట్రాక్ మీదికి తీసుకువెళ్లే ఉద్దేశం లేదు. రేసింగ్ ప్యాడ్లు వేయిస్తే బ్రేకులు ఇంకా గట్టిగా పడతాయా?

జవాబు 1: పడవు సరికదా, ఉదయం బయలుదేరి మొదటి సిగ్నల్ దగ్గర తొక్కినప్పుడు బండి మీరనుకున్న చోట ఆగకపోవచ్చు, ఎందుకంటే ఆ ప్యాడ్లు బాగా వేడెక్కితేనే పట్టు చూపుతాయి, పైగా కీచుమంటాయి, డిస్కులను త్వరగా అరగదీస్తాయి. సుమారు 1000 కిలోలు తూగే కారుకు మంచి సిరామిక్ ప్యాడ్లు చాలు. ఘాట్ దిగుళ్లు ఎక్కువైతే రోడ్డు వాడకానికి చేసిన సెమీ మెటాలిక్ (లోహపు పొడి కలిసిన) రకం తీసుకోండి. చక్రాలకు నల్లపొడి పడుతుంది, కడుక్కోవాలి మరి.

జవాబు 2: ఆర్డరు ఇచ్చే ముందు ఇంజను చూసుకోండి. మీ 1.6 లీటర్ల కారులో ముందు డిస్కు 235 మిల్లీమీటర్లు, 1994లో 1.8 లీటర్ల ఇంజను వచ్చినప్పుడు దానిని 255కు పెంచారు, కాబట్టి 1.8 కారు ప్యాడ్లు మీ దానికి సరిపోవు.

జవాబు 3: కొత్త ప్యాడ్లు పట్టేలా చేయడానికి వెనుక కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పిస్టన్‌ను క్లాంపుతో నొక్కవద్దు. హ్యాండ్‌బ్రేక్ యంత్రాంగం అందులోనే ఉన్నందున, వెనకనున్న బోల్టు విప్పి, లోపలి స్క్రూను 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో తిప్పితేనే పిస్టన్ వెనక్కి వెళుతుంది. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటితే ముందు ఆ పని కానివ్వండి.