ఉప్పునీటిలో వేడెక్కుతున్న ఔట్‌బోర్డ్ ఇంజన్: వెనిగర్‌తో కడగవచ్చా?

కాకినాడ ఉప్పుటేరులో కట్టి ఉంచే నా మొదటి ఫైబర్ పడవకు, పాతది కొన్న 9.9 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ ఇంజన్ (పడవ వెనుక బయట బిగించేది) ఉంది. బయలుదేరిన 20 నిమిషాలకు, థ్రాటిల్ సగం దాటగానే, ఇంజన్‌ను చల్లబరిచి వెనుక నుంచి చిమ్మే నీటి ధార సన్నబడి, సిలిండర్ హెడ్ చేయి పెట్టలేనంతగా కాలుతోంది. వేగం తగ్గిస్తే ధార మళ్లీ కోలుకుంటోంది. ధార వచ్చే రంధ్రాన్ని సన్నని తీగతో శుభ్రం చేశాను, నీరు లాగే జాలీలో నాచు లేదని చూసుకున్నాను, కొత్త ఇంపెల్లర్ (నీటి పంపులో తిరిగే రబ్బరు చక్రం) వేయించాను. ఒడ్డుకు చేరిన ప్రతిసారీ డ్రమ్ములో మంచినీటితో 15 నిమిషాలు నడుపుతున్నాను (పాత యజమాని ఈ పని చేసినట్లు లేదు). అయినా తేడా లేదు. థర్మోస్టాట్ (వేడిని బట్టి చల్లబరిచే నీటి ప్రవాహాన్ని నియంత్రించే కవాటం) మూత విప్పబోతే, ఉప్పుకు బిగుసుకుపోయిన బోల్టులు విరిగేలా ఉన్నాయి. దాన్ని విప్పకుండా, వెనిగర్ కలిపిన నీటిని పంపి లోపలి ఉప్పు పెచ్చును కరిగించడం ఈ అల్యూమినియం ఇంజన్‌కు సురక్షితమేనా?