లేబర్ రూమ్‌లో డెలివరీ ట్రేను ఎంత ముందుగా విప్పవచ్చు?

ప్రశ్న (స్టాఫ్ నర్సు, రాత్రి డ్యూటీ)

లేబర్ రూమ్‌లో స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) సామగ్రి బాధ్యత ఇటీవలే నాకు అప్పగించారు. గర్భాశయ ముఖం ఏడెనిమిది సెంటీమీటర్లు తెరుచుకుందని తెలియగానే ట్రే విప్పి, పైన స్టెరైల్ గుడ్డ కప్పి ఉంచడం మా దగ్గర అలవాటు. గత వారం తెల్లవారుజామున మూడు గంటలకు అలా విప్పిన ట్రేతోనే ఎనిమిది గంటలకు కాన్పు చేశాం. మధ్యలో ఆ గదిలోకి ఎందరు వచ్చి వెళ్లారో, గుడ్డను ఎవరైనా ఎత్తి చూశారో లేదో చెప్పగలిగిన వారు లేరు. అదే రాత్రి మరో ప్యాక్ విప్పితే లోపలి గుడ్డ అరచేతికి చెమ్మగా తగిలింది. ప్యాక్‌కు అంటించిన టేపు మీద, వేడికి నల్లబడే చారలు మాత్రం నల్లగానే ఉన్నాయి. చారలు నల్లబడిన తరువాత కూడా చెమ్మను పట్టించుకోవాలా? పైగా ప్యాకులకు మేము ఏడు రోజుల గడువు పెట్టుకున్నందువల్ల, ముగ్గురికి ఒకేసారి నొప్పులు ముదిరిన సమయానికి అల్మరాలో గడువులో ఉన్నవి రెండే మిగిలాయి.

సమాధానం (స్టెరిలైజేషన్ విభాగం టెక్నీషియన్)

చెమ్మ ఉన్న ప్యాక్‌ను స్టెరైల్‌గా లెక్కించకూడదు సిస్టర్, టేపు ఏ రంగులో ఉన్నా సరే. ఆ ప్యాక్ ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములను చంపే యంత్రం) వేడికి గురైందని మాత్రమే టేపు చెబుతుంది. ఆవిరి లోపలి పరికరాల దాకా చేరిందా లేదా అన్నది దానికి తెలియదు. అందుకే ప్యాక్ మధ్యలో వేరే ఇండికేటర్ స్ట్రిప్ (ఆవిరి చేరితే రంగు మారే పట్టీ) పెడతాం. యంత్రం క్రిములను నిజంగా చంపుతోందో లేదో తేల్చుకోవడానికి కనీసం వారానికొకసారి స్పోర్ పరీక్ష (వేడికి తేలిగ్గా చావని క్రిముల బీజాలను యంత్రంలో పెట్టి చూడడం) చేస్తాం. తడిసిన గుడ్డ దీపపు వత్తిలాంటిది, బయటి క్రిములను లోపలికి లాక్కుంటుంది.

చెమ్మ ఎందుకు మిగులుతుందన్నది కూడా చూడాలి. గుడ్డ చుట్టిన ప్యాకులకు 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు పెట్టాక, ఆరే సమయం విడిగా ఇవ్వాలి. రద్దీ రోజుల్లో మొదట కోత పడేది దానికే. గిన్నెలను, కిడ్నీ ట్రేలను వెల్లకిలా పెడితే వాటిలో నీరు నిలుస్తుంది కాబట్టి పక్కకు ఒరిగించి పెట్టాలి. వేడిగా ఉన్న ప్యాక్‌ను చల్లని ఇనుప అర మీద పెట్టినా అడుగున చెమ్మ పడుతుంది. యంత్రం పక్కనే జాలీ అర మీద పూర్తిగా చల్లారనిచ్చి, ఆ తరువాతే అల్మరాలోకి చేర్చండి.

గడువు విషయంలో నా అభిప్రాయం మీ పద్ధతికి కొంత భిన్నం. ప్యాక్ చెడేది క్యాలెండర్ వల్ల కాదు, చిరిగినప్పుడు, తడిసినప్పుడు, కింద పడినప్పుడు, పదిమంది చేతులు మారినప్పుడు. అయితే మీరు వాడుతున్నది ఎలాంటి గుడ్డో, మీ అల్మరా ఎలా ఉందో చూడకుండా ఏడు రోజుల నియమాన్ని ఎత్తేయమని నేను అనలేను. ఆ నిర్ణయం మీ ఇన్ఫెక్షన్ కంట్రోల్ కమిటీది.

సమాధానం (సీనియర్ మిడ్‌వైఫ్)

విప్పి కప్పిన ట్రే గురించి నేను చెబుతాను. ఇన్ని గంటల వరకు ఫరవాలేదని నిర్ణయించిన గడువేదీ లేదు. వాడే సమయానికి వీలైనంత దగ్గరగా విప్పాలి, విప్పినప్పటి నుండి ఎవరో ఒకరి కన్ను దాని మీద ఉండాలి. మీరు చెప్పిన ఐదు గంటల ట్రేనైతే నేను వాడేదాన్ని కాదు. తొలి కాన్పు అయితే బిడ్డ తల కనబడడం మొదలయ్యాక విప్పినా సాధారణంగా సమయం సరిపోతుంది. మలి కాన్పు వారు అంత వ్యవధి ఇవ్వరు కాబట్టి మూసిన ప్యాక్‌ను ట్రాలీ మీద సిద్ధంగా పెట్టుకుని దగ్గరే ఉంటాను.

ముందే విప్పుకోవడం వెనుక ఉన్నది భయమే: లోపల ఏదో తక్కువై ఉంటుందేమోనన్న భయం. మేమూ అలాగే విప్పేవాళ్లం. ప్యాక్‌లో రెండు ఆర్టరీ ఫోర్సెప్స్ (బిగించి పట్టే పటకార్లు), బొడ్డుతాడు కత్తెర, కార్డ్ క్లాంప్ (బొడ్డుతాడును బిగించే క్లిప్), గిన్నె, గాజ్ (పలచని నూలు) గుడ్డలు ఎప్పుడూ ఒకే వరుసలో సర్దడం మొదలుపెట్టాక ఆ భయం పోయింది. ఎపిసియోటమీ (బిడ్డ బయటికి రావడానికి యోనిద్వారం వద్ద పెట్టే కోత) కత్తెరను, కుట్ల సామగ్రిని వేరే ప్యాక్‌లో ఉంచుతాం. అందరికీ కోత అవసరం ఉండదు, పైగా కోతకు వాడిన కత్తెరతో బొడ్డుతాడు కోయకూడదు.

సమాధానం (ప్రసూతి వైద్యురాలు)

పై రెండు సమాధానాలతోనూ ఏకీభవిస్తున్నాను. ఒక్కటి చేరుస్తాను: అత్యవసర సిజేరియన్ ప్యాక్‌ను మామూలు కాన్పులకు విప్పే అలవాటు ఉంటే వెంటనే మానండి. అల్మరాలో ప్యాకులు తగ్గినప్పుడు చేయి మొదట దాని మీదికే పోతుంది. బిడ్డ గుండె వేగం పడిపోయినప్పుడు అది చోటులో లేదని తెలిస్తే వెతుక్కునే వ్యవధి ఎవరికీ ఉండదు.

ప్రశ్న అడిగిన వారు

ధన్యవాదాలు మేడమ్. సిజేరియన్ ప్యాక్‌ను మేము రెండుసార్లు అలా విప్పిన మాట నిజమే. నిన్న అల్మరా అంతా దింపి చూస్తే, కొత్త ప్యాకులను ముందు వరుసలో పెడుతూ పోవడం వల్ల పాతవి వెనుకే ఉండిపోయి గడువు దాటుతున్నాయని తెలిసింది. ఇకపై కొత్తవి వెనుక నుండి చేరుస్తాం, డ్యూటీ మారేటప్పుడు ఇద్దరం కలిసి లెక్క చూస్తాం. ఆరే సమయం గురించి ఆటోక్లేవ్ చూసే అతన్ని అడిగితే, రాత్రిపూట పది నిమిషాలు తగ్గిస్తున్నానని ఒప్పుకున్నాడు.