అక్షరాలన్నీ వచ్చు, మాట చదవలేకపోతోంది (ఆరేళ్ల పాప)

ప్రశ్న – ఒకటోతరగతి అమ్మ

పాపది ఇంగ్లీషు మీడియం. అ నుంచి ఱ దాకా గడగడా అప్పజెబుతుంది, గుణింతాలు పాటలా పాడేస్తుంది. కానీ పుస్తకంలో "గోడ మీద బల్లి" అని ఉంటే గో దగ్గరే ఆగిపోయి "గ, గా, గి, గీ..." అని మొదట్నుంచి ఎత్తుకుంటుంది. కథ చెబితే ఎంతసేపైనా వింటుంది, చదవమంటే లేచిపోతుంది. రోజుకో అరగంట కూర్చోగలను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ పుస్తకాలు కొనాలి?

జవాబు – పలకాబలపం

గుణింతం పాటగా వచ్చింది కాబట్టే ఈ ఇబ్బంది. వరస తెలుసు, గుర్తు తెలియదు. కొన్నాళ్లు ఆ పాట ఆపేయండి.

ముందు క, గ, డ, త, ప, ర, ల ఏడూ చాలు. తల, కల, పలక, గడప, తడక ఈ ఏడింటితోనే వస్తాయి. అరచేయంత అట్టముక్కకు ఒక్కో అక్షరం పెద్దగా రాసి, ముక్కలు పక్కపక్కకు జరుపుతూ మాట కట్టించండి. వ ఇప్పుడే వద్దు, ప బాగా కుదిరాక చెప్పండి. న-స, మ-య, బ-భ, ద-ధ-థ కూడా అంతే, జంటగా చెబితే రెండూ కలిసిపోతాయి. మధ్యలో కనీసం వారం ఎడం ఉండాలి.

తర్వాత ఒక్క అక్షరానికి అన్ని గుర్తులూ కాదు, ఒక్క గుర్తు అన్ని అక్షరాలకూ. ఈ వారమంతా దీర్ఘమే: తాత, పాత, పాక, కాడ, తార. పై వారం గుడి, ఆపైన కొమ్ము. ఇక్కడ పిల్లలు తడబడటానికి అసలు కారణం తలకట్టు. దీర్ఘం, గుడి, ఎత్వం వస్తే తలకట్టు పోతుంది, కొమ్ముకు మాత్రం ఉంటుంది. "క మీద గుడి పెట్టు" అంటే పాప తలకట్టు మీదే పెడుతుంది. అందుకని తలకట్టు లేని క, త, ప ముక్కలు విడిగా చేసి, తలకట్టునూ గుర్తులనూ పల్చటి ప్లాస్టిక్ కాగితం మీద రాసి, తీసి పెట్టి చూపించండి. ల, బ, జలకు అసలు తలకట్టే లేదు, వాటితో ఈ ఆట మొదలుపెట్టకండి. పు, వు, మొ, యొ, హా దారి తప్పినవి. నియమం చెప్పకుండా బొమ్మలా గుర్తుపెట్టిస్తే సరి.

జవాబు – రెండోబెంచీ

పై జవాబులో ఒత్తులు రాలేదు. "చెట్టు"ను చాలామంది పిల్లలు "చెటుట" అంటారు. తప్పు వాళ్లది కాదు: కొమ్ము పై అక్షరానికి ఉంటుంది, పలికేది మాత్రం కింది ఒత్తు తర్వాత. కాబట్టి ముందు చప్పట్లు కొట్టిస్తూ చెట్-టు, పిల్-లి, కుక్-క అని చెవికి పట్టించి, ఆ తర్వాతే రాత చూపించండి. గ్గ, ట్ట, ద్ద, వ్వ తేలిక, ఒత్తు అక్షరంలాగే ఉంటుంది. త, న, మ, య, ర, ల ఒత్తులకు అక్షరంతో పోలికే ఉండదు, అవి చివరికి. బల్లి కనిపించినప్పుడు మీరే చదివేయండి, పాప "గోడ మీద" చదివితే చాలు ఇప్పటికి.

జవాబు – కథలమూట

అరగంటలో పాప చదివేది పది నిమిషాలకు మించొద్దు. మిగతా ఇరవై మీరు చదవండి. ఇది తగ్గించారో, చదువుతోపాటు కథ మీద ఇష్టమూ పోతుంది.

పాప చదివే పుస్తకం వేరు, మీరు చదివి వినిపించేది వేరు. మొదటిదానికి పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అచ్చు, మళ్లీ మళ్లీ వచ్చే మాట ఉండాలి. ఆ తిరిగొచ్చే మాట పాప వాటా, మిగతాది మీది. పేజీలో మూడు మాటల దగ్గర ఆగిందంటే ఆ పుస్తకం మీ చేతికి తీసుకోండి. ఎక్కడైనా ఆగితే అయిదు లెక్కపెట్టేంతసేపు ఊరుకుని, రాకపోతే మాట చెప్పేసి ముందుకు వెళ్లండి. "నిన్ననే చెప్పాను కదా" అనే మాట మాత్రం నోటెంట రాకూడదు.

ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితం, నాలుగు స్థాయిలుగా ఉంటాయి. ఒకటో స్థాయివి పీడీఎఫ్ దించి అచ్చు వేసుకోండి, ఫోనులో మాత్రం చదివించకండి. కొనేట్టయితే "మంచి పుస్తకం", "తూలిక" అనే ప్రచురణ సంస్థలవి చూడండి.

ఇంకోటి. మీది తెలంగాణ అయితే "వెళ్లాడు" అని ఉన్నచోట పాప "పోయిండు" అని చదవొచ్చు. అర్థం పట్టుకుని చదువుతోందన్నమాట. దిద్దకండి, ఆ మాట దగ్గర వేలు పెట్టి మీరొకసారి ఉన్నది ఉన్నట్టు చదివితే చాలు.

ఒకటోతరగతి అమ్మ

తలకట్టు సంగతి తట్టనే లేదండీ. రాత కూడా ఇప్పుడే చేయించాలా? బళ్లో రోజూ ఒక పేజీ ఇస్తున్నారు.

పలకాబలపం

బడి పేజీ చాలు, ఇంట్లో పుస్తకంలో రాయించొద్దు. చదివిన మాటల్లో ఒకటో రెండో, పలక మీద, అక్షరం పెద్దగా. తలకట్టు చివర పెట్టడం అలవాటు చేయండి. ముందే పెడితే గుడి వచ్చినప్పుడల్లా చెరిపేసుకోవాల్సి వస్తుంది.