డిస్నీల్యాండ్ స్థానికుల టికెట్: ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో వెళ్లేవారికి గిట్టుబాటు అవుతుందా? (2025 మొదట్లో జరిగిన చర్చ, ధరలూ తేదీలూ షరతులూ అప్పటివే)

ప్రశ్న: గోదావరి గట్టు (అర్వైన్)

నమస్కారం. దక్షిణ కాలిఫోర్నియా వాసులకు డిస్నీల్యాండ్ ఇస్తున్న మూడు రోజుల టికెట్ గురించి అనుభవం ఉన్నవారి సలహా కావాలి. ఈ 2025లో అది జనవరి 1 నుంచి మే 15 వరకు చెల్లుతుంది. సోమవారం నుంచి గురువారం లోపే వెళ్తామంటే మనిషికి 199 డాలర్లు, రోజుకు ఒక పార్కు. ఇంటి చిరునామాలోని జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) 90000కు, 93599కు మధ్య ఉండాలి. మేము అర్వైన్‌లో ఉంటాం కనుక నాకూ మా ఆవిడకూ అర్హత ఉంది.

చిక్కంతా అమ్మానాన్నల దగ్గరే వచ్చింది. వాళ్లు రాజమహేంద్రవరం నుంచి వచ్చారు, జూన్ దాకా మా దగ్గరే ఉంటారు. సందర్శకుల వీసా కాబట్టి స్థానికుల ధర వారికి వర్తించదు. మామూలు ఒక్కరోజు టికెట్ తేదీని బట్టి 104 డాలర్ల నుంచి 206 డాలర్ల దాకా ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, మూడు నాలుగు గంటలకు మించి తిరగలేరు. ఆ కాసేపటికి అంత డబ్బా అని ఆయనే వెనకాడుతున్నారు. లెక్కల మాస్టారుగా రిటైరైన మనిషి, ధరల పట్టిక మొత్తం చదివించుకుని విన్నారు. విన్నాక, "ఒకే ఇంట్లో ఉండి ఒకే కుండలో అన్నం తింటున్నాం. ఆ గేటు దగ్గర మాత్రం నీకో ధర, నాకో ధర ఎందుకురా?" అని అడిగారు. నా దగ్గర సరైన జవాబు లేదు.

మా పాపకు ఆరేళ్లు. బాబుకు ఏప్రిల్‌లో మూడేళ్లు నిండుతాయి. నాకు ఆఫీసు వారానికి అయిదు రోజులు.

నా సందేహాలు రెండు. ఉద్యోగం, బడి ఉన్న ఇంటికి ఈ సోమ-గురువారాల టికెట్ నిజంగా గిట్టుతుందా? ఇలా చిరునామా చూసి ధర నిర్ణయించడం న్యాయమేనా? "అందరికీ స్థానికుల టికెట్టే తీసుకోండి, ఎవరు చూస్తారు?" అని ఒక మిత్రుడు అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు: హార్బర్ రోడ్డు నర్సు (గార్డెన్ గ్రోవ్)

ముందు ఆ చివరి మాట గురించి. మీ మిత్రుడి సలహా వినకండి. పెద్దవాళ్లు ఒక్కొక్కరూ చిరునామా ఉన్న గుర్తింపు చూపించాలన్నది ఈ టికెట్ షరతు. మీ నాన్నగారు జీవితమంతా పిల్లలకు లెక్కలు సరిగ్గా చేయమని చెప్పిన మనిషి. ఆయనను గేటు దగ్గర పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని సంజాయిషీ చెప్పుకునే స్థితిలో నిలబెట్టవద్దు.

ఇక గిట్టుబాటు సంగతి. నేను ఆసుపత్రిలో నర్సును, నాకు శని, ఆదివారాల్లో డ్యూటీ పడుతుంది, సెలవులు వారం మధ్యలో వస్తాయి. అందుకే ఈ టికెట్ వచ్చిన ప్రతి ఏడాదీ కొంటున్నాను. మామూలు మూడు రోజుల టికెట్ నాలుగు వందల డాలర్లు దాటుతుంది, మనకు అందులో సగమే. అయితే నా దృష్టిలో అసలు లాభం ఆ సగం ధరలో లేదు, గడువులో ఉంది. మామూలు టికెట్‌ను ఒకసారి వాడటం మొదలుపెడితే పదమూడు రోజుల్లో ముగించాలి. దూరం నుంచి వచ్చి హోటల్లో దిగినవారి కోసం పెట్టిన గడువు అది. మన టికెట్‌లో మొదటి రోజు జనవరిలో, రెండోది మార్చిలో, మూడోది మే మొదట్లో వాడుకోవచ్చు.

దీని విలువ చిన్నపిల్లల తల్లులకు బాగా తెలుస్తుంది. నూట యాభై డాలర్లు పెట్టి ఒక్కరోజు టికెట్ కొంటే పొద్దున్న ఎనిమిదింటి నుంచి రాత్రి బాణసంచా దాకా పిల్లలను ఈడ్చుకుంటూ తిరుగుతాం. డబ్బు వృథా పోతుందన్న బెంగ. వాళ్లు ఏడుస్తారు, మనం విసుక్కుంటాం. మూడు రోజుల టికెట్ ఉంటే మధ్యాహ్నం మూడింటికి వెళ్లి, రెండు మూడు ఎక్కి, చీకటి పడ్డాక కాసేపు దీపాలు చూసి వచ్చేయవచ్చు.

మా చిన్నవాడి విషయం చెబుతాను. మ్యాటర్‌హార్న్ అనే కొండ ఆకారపు రైలు సవారీ ఎక్కాలంటే 42 అంగుళాల ఎత్తు ఉండాలి. ఓ ఏడాది జనవరిలో కొలకర్ర దగ్గర నిలబెడితే తల దానికి తగల్లేదు, అర అంగుళం తక్కువ. అక్కడి అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని, "ఇంకా కాస్త పెరిగి రా, నీ కోసం ఈ కొండ ఇక్కడే ఉంటుంది" అని చెప్పింది. మే మొదటి వారంలో మళ్లీ అదే కర్ర. బూట్లు బిగించి కట్టుకుని, గడ్డం కొంచెం పైకెత్తాడు. ఈసారి కర్ర జుట్టుకు తగిలింది. అదే టికెట్‌లోని మూడో రోజు అది. ఒక్కరోజు టికెట్ కొని ఉంటే వాడు ఎక్కకుండానే ఆ ఏడాది గడిచిపోయేది.

ఇప్పుడు ఖర్చుల వైపు. పార్కింగ్‌కు ప్రతిసారీ ముప్పై డాలర్ల పైనే అవుతుంది, మూడుసార్లంటే దాదాపు వంద. ఇద్దరు పెద్దవాళ్లు మిగిల్చుకున్న దానిలో మంచి భాగం అక్కడే పోతుంది. నేను హార్బర్ బులివార్డ్ మీద వెళ్లే 43వ నంబరు బస్సు ఎక్కుతాను, గేటుకు దగ్గర్లోనే దిగుతాం. మీకు అర్వైన్ నుంచి అంత సులువు కాదు. తిండి మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లవచ్చు. గాజు సీసాలు ఉండకూడదు, వేడి చేయాల్సిన పదార్థాలు ఉండకూడదు. పులిహోర, దద్దోజనం, అరటిపళ్లు చాలు.

ఆఫీసుకు వెళ్లేవారికి నిజమైన ధర ఆ సోమ-గురువారాల షరతే. మీరు మూడు రోజులు సెలవు పెట్టి, పాపను మూడు రోజులు బడి మానిపించేటట్లయితే ఇది చవక కాదు. కాలిఫోర్నియాలో బడికి వచ్చే ప్రభుత్వ సొమ్ము పిల్లల హాజరును బట్టి ఉంటుంది, కాబట్టి అది మీ ఒక్క ఇంటి నష్టం కూడా కాదు. ఒక రోజు సెలవు, రెండు సాయంత్రాలు అనుకుంటే గిట్టుతుంది. వెళ్లే ప్రతి రోజుకూ ముందే రిజర్వేషన్ చేసుకోవాలి. మూడో రోజును మే దాకా వాయిదా వేసి, చివరికి ఖాళీ దొరకక వదులుకున్నవారు మా ఆసుపత్రిలోనే ఉన్నారు. వాళ్లకు టికెట్ చవకగా పడినట్టా? కాదనే అంటాను.

బాబు పుట్టినరోజుకు ముందే వెళ్లండి. మూడేళ్లు నిండేదాకా టికెట్ అక్కర్లేదు.

జవాబు: ఫ్రెస్నో ద్రాక్షతోట

న్యాయం గురించి అడిగారు కాబట్టి, గీతకు అవతల ఉన్నవాడిగా నాలుగు మాటలు రాస్తున్నాను.

బేకర్స్‌ఫీల్డ్ జిప్ కోడ్ 933తో మొదలవుతుంది, కాబట్టి వాళ్లు స్థానికులు. మా ఫ్రెస్నోది 937, మేము కాదు. మెక్సికోలోని ఉత్తర బాహా కాలిఫోర్నియా వాసులకు కూడా ఈ ధర ఇస్తారు, అంటే టిహువానా కుటుంబానికి వర్తిస్తుంది. వాళ్లకు ఇవ్వడం నాకు సంతోషమే, సరిహద్దు దాటి రోజూ ఇటు పనికి వచ్చేవారు ఎందరో ఉన్నారు. కాలిఫోర్నియా రాష్ట్రానికే పన్ను కట్టే నేను మాత్రం నాలుగు గంటలు కారు నడిపి, హోటల్ గది తీసుకుని, పూర్తి ధర చెల్లిస్తున్నాను. ఇద్దరు పిల్లలతో ఏడాదికి ఒక్కసారి వెళ్లడానికి నెలల ముందు నుంచి డబ్బు పక్కన పెట్టుకోవాలి.

కంపెనీ లెక్క నాకు అర్థమవుతుంది. నేను ఎలాగూ సెలవుల్లోనే వస్తాను, ఎంత ధర పెట్టినా వస్తాను. పక్క ఊరివాడు ఫిబ్రవరి మంగళవారం నాడు రావాలంటే మాత్రం ధర తగ్గించాలి. గడువు తేదీ చూడండి. డెబ్బయ్యో వార్షికోత్సవ వేడుకలు మే 16న మొదలవుతున్నాయి, స్థానికుల టికెట్ మే 15తో ముగుస్తోంది. జనం వాళ్లంతట వాళ్లే వచ్చే రోజు నుంచి రాయితీ అవసరం వాళ్లకు ఉండదు. కాబట్టి దీన్ని స్థానికుల మీద ప్రేమ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నాకు న్యాయంగా కనిపించేది ఇంకొకటి ఉంది. జనవరి 7 నుంచి మార్చి 20 వరకు మూడేళ్ల నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు 50 డాలర్ల టికెట్. ఏ ఊరు, ఏ దేశం అని అడగరు. ఫ్రెస్నో పిల్లకైనా రాజమండ్రి పిల్లకైనా అదే ధర. మీ పాపకు కూడా అదే తీసుకోండి.

జవాబు: బాల్ రోడ్డు నివాసి (అనహైమ్)

పార్కు ఉన్న ఊళ్లోనే ఉంటున్నాను. మా డాబా మీద నుంచి బాణసంచా కనిపిస్తుంది. ఇరుగుపొరుగు పిల్లలు కుర్చీలు తెచ్చుకుని వచ్చేస్తారు.

1955లో నారింజ తోటలు కొట్టి ఈ పార్కు కట్టారు. తర్వాత ఊరు దానితోపాటే పెరిగింది. 1990ల చివర్లో మా నగరపాలక సంస్థ 51 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి రిసార్టు చుట్టుపక్కల రోడ్లు, తోటలు బాగుచేసింది, పెద్ద పార్కింగ్ భవనం కూడా కట్టించింది. పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిన ఆ భవనాన్ని కంపెనీకి ఏడాదికి ఒక్క డాలరు అద్దెకు ఇచ్చారు. పార్కింగ్ వసూళ్లు కంపెనీవే. ఇవన్నీ పత్రికల్లో వివరంగా వచ్చిన సంగతులు, 2017లో పెద్ద చర్చ జరిగింది.

ఇది చెప్పి "కాబట్టి మాకు రాయితీ హక్కు" అనేవాళ్లు మా ఊళ్లో చాలామంది. నేను ఇంకో అడుగు ముందుకు వెళ్లి ఆలోచించమంటాను. ఆ బాండ్ల అప్పు తీర్చడానికి వాడింది ఎక్కువగా హోటల్ గదుల మీది పన్నునే, రిసార్టు నుంచే వచ్చే పన్నులనే. ఇక్కడ గది అద్దె మీద 15 శాతం పన్ను ఉంది. అది కట్టేది నేను కాదు, పైన రాసిన ఫ్రెస్నో ఆయన. ఆయన డబ్బుతో వేసిన రోడ్డు మీద నేను ప్రతిరోజూ తిరుగుతూ, టికెట్ కూడా సగం ధరకు తీసుకుంటున్నాను. స్థానికుల రాయితీ న్యాయమా అని అడిగితే నాకు మొదట ఆయనే గుర్తొస్తారు.

అయినా అనహైమ్ వాసులకు ప్రత్యేకంగా ఏమీ లేదని కూడా గమనించండి. పార్కుకు మైలు దూరంలో ఉన్న నాదీ, రెండు గంటల దూరంలో ఉన్న శాంటా బార్బరావారిదీ ఒకటే ధర. ఊరి రుణం తీర్చుకోవాలన్న ఉద్దేశం ఉంటే లెక్క ఇలా ఉండేది కాదు. ఈ పక్కనే అద్దె ఇళ్లలో ఉంటూ హోటల్ గదులు శుభ్రం చేసే కుటుంబాలకు 199 డాలర్లు కూడా చాలా పెద్ద మొత్తం. మా వీధిలో గేటు దాటి లోపలికి ఎప్పుడూ వెళ్లని పిల్లలు ఉన్నారు. నాకు చేతనైతే ముందు వాళ్లకు టికెట్ ఇప్పిస్తాను.

జవాబు: గోల్కొండ మెట్లు (హైదరాబాద్)

మాస్టారి ప్రశ్న మన దగ్గరా ఉంది. గోల్కొండ కోటకు భారతీయులకు 25 రూపాయలు, విదేశీయులకు 300. అక్కడ నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే కోటను చూసుకునేది మన పన్నుల డబ్బుతో, చరిత్ర మనది. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నవారికి కూడా భారతీయుల ధరే వర్తిస్తుంది. ప్రైవేటు పార్కుకు ఆ కారణాలేవీ లేవు, అది వ్యాపారం. వ్యాపారంలో ఎవరి దగ్గర ఎంత తీసుకోవాలో వాళ్లు నిర్ణయించుకుంటారు, ఇష్టమైతే కొంటాం. షరతులు ముందే స్పష్టంగా చెప్పారు కాబట్టి మోసం లేదు. అంతకు మించి న్యాయం అన్న పెద్ద మాట దాని మీద పెట్టనక్కరలేదు.

గోదావరి గట్టు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. జవాబులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. అనహైమ్ వారి జవాబులో ఫ్రెస్నో ఆయన మాట దగ్గర ఆగి, ఆ హోటల్ పన్ను సంగతి రెండుసార్లు చదివించుకున్నారు. "అయితే మనం కట్టే పూర్తి ధర ఆయన పక్కన నిలబడి కడుతున్నట్టే" అన్నారు. ఇప్పుడు రావడానికి సిద్ధంగా ఉన్నారు.

నాకూ మా ఆవిడకూ 199 టికెట్లు తీసుకుంటున్నాను. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవుల వారం వదిలేసి, ధర తక్కువగా ఉన్న ఒక బుధవారం అమ్మానాన్నలకు ఒక్కరోజు టికెట్, పాపకు 50 డాలర్లది. ఆ రోజు నేను సెలవు పెడతాను. మిగిలిన రెండు రోజులూ సాయంత్రాలే వాడతాం, రెండూ ఇప్పుడే రిజర్వ్ చేస్తున్నాను.

నర్సు గారూ, మోకాళ్ల నొప్పి ఉన్న పెద్దాయన ఆ రోజంతా ఎలా గడపాలో కూడా చెబితే మేలు.

హార్బర్ రోడ్డు నర్సు (గార్డెన్ గ్రోవ్)

ప్రవేశం దగ్గరే చక్రాల కుర్చీలు అద్దెకు దొరుకుతాయి. ఆయన వద్దన్నా తీసుకోండి, కనీసం సంచులు పెట్టుకోవడానికైనా పనికొస్తుంది. లోపలికి వెళ్లగానే ఆవిరి రైలు ఎక్కించండి. పార్కు చుట్టూ తిరుగుతుంది, నాలుగు స్టేషన్లలో ఆగుతుంది, ఎన్నిసార్లు తిరిగినా వేరే టికెట్ ఉండదు. మీరు పాపతో వరుసలో నిలబడినంతసేపు ఆయన, అమ్మగారు అందులో కూర్చోవచ్చు. ఎండ ఎక్కువయ్యాక బొమ్మల పడవ సవారీకి తీసుకెళ్లండి. నీడగా, చల్లగా ఉంటుంది, పడవ మెల్లగా వెళ్తుంది, బాబు కూడా ఒళ్లో కూర్చుని చూస్తాడు. పడవలోకి అడుగు దించేటప్పుడు మాత్రం ఆయన చెయ్యి పట్టుకోండి.