ఆయిల్ మార్చే ముందు ఇంజన్ ఫ్లష్ పొయ్యాలా, వద్దా?

కొత్తతాళం:
పెట్రోల్ కారు, 1.2 లీటర్ ఇంజన్, 90,000 కిలోమీటర్లు తిరిగింది. సెకండ్ హ్యాండ్, పాత సర్వీసు బిల్లులేవీ లేవు. ఆయిల్ మార్చే సమయం వచ్చింది. ఫ్లష్ సీసా పోసి పది నిమిషాలు ఆన్‌లో ఉంచి దించేస్తే లోపలి మురికంతా పోతుందని కొందరంటారు, పోస్తే ఇంజనే పోతుందని కొందరంటారు. ఏది సరైనదో, ఎందుకో చెప్పండి.

సంప్‌జాలి:
పొయ్యొద్దు. సంప్ అంటే ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి. దాని అడుగున ఆయిల్ పంపు పీల్చుకునే గొట్టానికి ఒక జాలి ఉంటుంది. ఆయిల్ ఫిల్టర్ దాకా పోకముందే ఆయిల్ ఆ జాలిలోంచి రావాలి. ఫ్లష్ అంటే చాలావరకు పలచటి ద్రావకం, కిరసనాయిల్ జాతిది. ఏళ్లపాటు పట్టిన గట్టి మురికిని అది పది నిమిషాల్లో కరిగించలేదు, అంచులు వదులు చేసి పెళ్లలుగా ఊడగొడుతుంది. ఆ పెళ్లలు ఫిల్టర్ దాకా వెళ్లవు, జాలి దగ్గరే పేరుకుంటాయి. జాలి సగం మూసుకుపోయినా ఐడ్లింగులో తేడా తెలియదు. వేగం పెంచాక పంపు అడిగినంత ఆయిల్ అందదు. బేరింగులు, టర్బో ఉంటే దాని షాఫ్టు ముందు దెబ్బతింటాయి. డ్యాష్‌బోర్డులో ఎర్ర దీపాన్ని నమ్ముకోకండి. ఆయిల్ ఒత్తిడి (దాన్ని బార్‌లలో కొలుస్తారు) సుమారు 0.3–0.5 బార్‌కి పడిపోతే తప్ప మామూలు ప్రెషర్ స్విచ్ ఆ దీపం వెలిగించదు. 3,000 ఆర్‌పీఎం దగ్గర 3 బార్ ఉండాల్సింది 1 బార్ ఉన్నా అది వెలగదు.

పద్నాలుగు_స్పానర్:
సంప్‌జాలి గారు చెప్పింది పెళ్లలు కట్టిన ఇంజన్ సంగతి. అన్నిటికీ అదే తీర్పు ఎలా ఇస్తాం? ముందు లోపల చూడాలి. ఆయిల్ పోసే మూత విప్పి టార్చి వేసి చూడండి. లోహం మీద తేనె రంగు మరక ఉండి, గోరుతో గీకినా రాకపోతే అది వార్నిష్, దానివల్ల హాని లేదు. గోటికి నల్లగా గ్రీజులా ముద్ద అంటుకుంటే అది స్లడ్జ్. మూత కింద మాత్రమే తెల్లటి నురగలాంటిది కనిపిస్తే చాలాసార్లు అది తేమ, ఇంజన్ పూర్తిగా వేడెక్కకుండా చిన్న దూరాలే తిరిగే బండ్లలో వస్తుంది. అయినా ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ ఆయిల్‌లో కలిసినా అలాగే కనిపిస్తుంది కాబట్టి, అది తగ్గుతోందేమో ఒకసారి చూసుకోండి.

స్లడ్జ్ లేని ఇంజన్‌లో ఫ్లష్ పొయ్యొచ్చు, పద్ధతిగా. చాలామంది తప్పేది లెవెల్ దగ్గరే. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పై గీత దాకా ఉండగా మరో 400 మి.లీ. పోస్తే గీత దాటిపోతుంది, తిరిగే క్రాంక్ షాఫ్టు తగిలి నురగ కడుతుంది. ముందే అంత ఆయిల్ తీసెయ్యాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక పొయ్యాలి. సీసా మీద ఎన్ని నిమిషాలు రాస్తే అన్నే, సాధారణంగా 10, ఐడ్లింగులో మాత్రమే. రైజ్ చెయ్యకూడదు, బండి కదపకూడదు. ఆయిల్ పలచబడి ఉంటుంది కాబట్టి బేరింగుకీ షాఫ్టుకీ మధ్య పొర బరువు మొయ్యలేదు. ఆపి వేడిమీదే డ్రెయిన్ బోల్టు విప్పి అరగంట వదిలెయ్యండి. ఫిల్టర్, బోల్టు వాషర్ కొత్తవి వెయ్యాలి.

నల్లనూనె:
అరగంట కాదు, రాత్రంతా వదిలినా మొత్తం దిగదు. ఆయిల్ దారుల్లో, పంపులో, ఆయిల్ కూలర్ ఉంటే అందులో కొంత మిగిలే ఉంటుంది. ఫ్లష్ కలిసిన ఆ కొంత కొత్త ఆయిల్‌లోకి చేరుతుంది. తర్వాత 5,000 కిలోమీటర్లు దాంతోనే నడుస్తారు. అందుకే ఫ్లష్ పోస్తే ఆ మొదటి ఆయిల్ 1,000 కిలోమీటర్లకే దించెయ్యాలి. రెండుసార్లు ఆయిల్, ఫిల్టర్ కొనడానికి సిద్ధపడితే అసలు ఫ్లషే అక్కర్లేదు. మంచి ఆయిల్‌లో మురికి కడిగే డిటర్జెంట్లు, దాన్ని విడదీసి తేలేట్టు ఉంచే డిస్పర్సెంట్లు ఉండనే ఉంటాయి. మాన్యువల్ చెప్పిన గ్రేడు పోసి వరసగా మూడుసార్లు 2,000 కిలోమీటర్లకొకసారి మారిస్తే నిదానంగా శుభ్రమవుతుంది, పెళ్లలు ఊడవు.

ఇంకొకటి, ఇది తప్పక చూడండి. కొన్ని చిన్న టర్బో ఇంజన్లలో టైమింగ్ బెల్టు (వాల్వులను క్రాంకుతో కలిపి తిప్పే పట్టీ) ఆయిల్‌లోనే తిరుగుతుంది. ద్రావకం ఆ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. బెల్టు నారలు విడిపోతే అవీ వచ్చి ఆ జాలికే పడతాయి. మీ ఇంజన్ అలాంటిదైతే ఫ్లష్ మాట ఎత్తొద్దు. ఫ్లష్ బదులు కిరసనాయిల్, డీజిల్ పొయ్యడం మాత్రం ఎవరూ చెయ్యకండి. ఇంజన్ ఆయిల్‌లో ఉండేలాంటి అరుగుదలను ఆపే రసాయనాలు వాటిలో ఉండవు.

కొత్తతాళం:
చూశాను, మూత కింద తేనె రంగు మరకే, గీకితే రావట్లేదు. బెల్టు బదులు టైమింగ్ చైన్ ఉన్న ఇంజన్, టర్బో లేదు. కానీ 1,000 కిలోమీటర్లకు అర లీటరు ఆయిల్ తగ్గుతోంది, లీకు కనిపించదు. దీనికైనా ఫ్లష్ పనికొస్తుందా? పెట్రోల్ ట్యాంకులో పోసే క్లీనర్ సంగతేంటి?

ఇంజెక్టర్‌మొన:
ట్యాంకు క్లీనర్ వేరే విషయం, రెండూ కలపకండి. అది ఆయిల్ తినడాన్ని ఆపదు. ఇంజెక్టర్ మొన మీద, దహన గదిలో పట్టిన కార్బన్ కోసం అది. అందులో పాలీఈథర్ అమైన్ ఉందో లేదో చూడండి, పీఈఏ అంటారు. దహన గది వేడికి పూర్తిగా కాలిపోకుండా పనిచేసేది అదే. పాత తరహా పాలీఐసోబ్యూటిలీన్ అమైన్ వాల్వులను బాగానే కడుగుతుంది గానీ దహన గదిలో నిక్షేపాలు పెంచవచ్చు. పీఈఏలో కొంత పిస్టన్ రింగులు దాటి ఆయిల్‌లోకి దిగుతుంది కాబట్టి ఆయిల్ మార్చే ముందు ట్యాంకులో వాడండి, తర్వాత కాదు. రెండు సీసాలు ఒకేసారి పొయ్యొద్దు.

డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్ నేరుగా దహన గదిలోకి చిమ్మే) ఇంజన్ అయితే ఇంటేక్ వాల్వుల మురికి దీనితో పోదు. పెట్రోల్ ఆ వాల్వును తాకదు కదా. గాలి లోపలికి పోయే గొట్టాల మేనిఫోల్డ్ విప్పి, వాల్వు మూసిన స్థితిలో అక్రోట్ పెంకుల పొడి కొట్టించాలి. పెట్రోల్‌ను వాల్వు బయటే చిమ్మే పోర్ట్ ఇంజెక్షన్‌లో అయితే మంచి పెట్రోలే సగం పని చేస్తుంది. అమెరికా మోటారు సంఘం ట్రిపుల్ ఏ 2016లో చేసిన పరీక్షల్లో, 2004లో మొదలైన టాప్ టియర్ అనే డిటర్జెంట్ పెట్రోల్ ప్రమాణానికి తగని పెట్రోళ్లు 4,000 మైళ్లకు సమానమైన పరుగులో సగటున 19 రెట్లు ఎక్కువ కార్బన్ మిగిల్చాయి.

పద్నాలుగు_స్పానర్:
ఆయిల్ తింటుంటే మొదట చూడాల్సింది పీసీవీ వాల్వు, అంటే క్రాంక్ గదిలో చేరే ఆవిర్లను ఇంటేక్‌లోకి పంపే చిన్న వాల్వు. ఊపితే టకటకమనాలి. అనకపోతే మార్చండి, చవక. అది బాగుంటే ఆయిల్ రింగు అనుమానం. పిస్టన్ మూడో రింగు వెనక సన్న రంధ్రాలు కార్బన్‌తో మూసుకుపోతే, గోడమీద గీకిన ఆయిల్ కిందికి దిగే దారి ఉండదు, కాలిపోతుంది. కంప్రెషన్ పరీక్షలో ఇది బయటపడకపోవచ్చు, ఎందుకంటే కంప్రెషన్ పట్టేది పై రెండు రింగులు. సంప్‌లో పోసిన ఫ్లష్ పది నిమిషాల్లో అక్కడికి చేరి పనిచేస్తుందని ఆశించకండి.

అక్కడికి పై నుంచి వెళ్లాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి, పిస్టన్లన్నీ సగం ఎత్తులో ఉండేలా క్రాంకు తిప్పి, ఒక్కో సిలిండర్‌లో 40 మి.లీ. రింగుల కోసం చేసిన క్లీనర్ పోసి రాత్రంతా వదలండి. పొద్దున సిరంజికి గొట్టం తగిలించి మిగిలింది పీల్చెయ్యండి. ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పి, చేత్తో క్రాంకు రెండు మూడు చుట్లు తిప్పండి. ద్రవం మిగిలి ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే ద్రవం నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. సంప్‌లోకీ కారి ఉంటుంది, కాబట్టి ఆయిల్, ఫిల్టర్ మార్చాకే స్టార్ట్ చెయ్యండి. మొదట తెల్ల పొగ బాగా వస్తుంది, ఆరుబయట చెయ్యండి.

సంప్‌జాలి:
రింగుల నానుడుకు అభ్యంతరం లేదు. ఆయిల్ ఎలాగూ దించుతున్నారు కాబట్టి సంప్ కూడా దించండి అంటాను. బోల్టులు, కొత్త సీలెంట్, రెండు మూడు గంటల పని. సీలెంట్ సన్న గీతగా పెట్టండి. ఎక్కువైతే లోపలికి పిండుకొని ముక్కలు ఊడి జాలికే పడతాయి. జాలి చేతిలో పెట్టుకొని వెలుతురులో చూస్తే ఈ వాదన సగం తేలిపోతుంది.

కొత్తతాళం:
పీసీవీ వాల్వు తీసి ఊపాను, చప్పుడు లేదు. కొత్తది వేసి 1,000 కిలోమీటర్లు ఆయిల్ లెవెల్ రాసుకుంటాను. అప్పటికీ తగ్గుతుంటేనే రింగులు నానబెడతాను, సంప్ కూడా అప్పుడే దించుతాను.