రైతు ఇంటికి ఆనుకుని ఉన్న మాల్ట్ కొట్టును పడకగదులుగా విడగొట్టవచ్చా?

వేపచెట్టు (చర్చ ప్రారంభం):
ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో మేముంటున్న ఊరి శివారున ఓక్ కలప చట్రంతో కట్టిన పాత రైతు ఇల్లు ఒకటి ఉంది. దానికి ఆనుకునే, ఒకప్పుడు మాల్ట్ తయారుచేసిన ఒక పొడవాటి కొట్టు ఉంది. రాగి మాల్ట్ తెలిసినవారికి ఈ పని కొత్త కాదు. గింజను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టడమే. ఇక్కడ రాగులకు బదులు బార్లీ, జావకు బదులు బీరు. ఆ కొట్టులో అడ్డుగోడలు లేపి నాలుగు పడకగదులు చేయడానికీ, పెద్ద కిటికీలు తెరవడానికీ యజమాని అనుమతి కోరినట్లు గేటుకు నోటీసు కట్టారు. అభిప్రాయం తెలపడానికి 21 రోజుల గడువుంది. రక్షిత కట్టడాల జాబితాలోని వివరణలో ఇంటి పేరే తప్ప కొట్టు పేరు లేదు కనుక అభ్యంతరానికి తావే లేదని ఊళ్లో కొందరంటున్నారు. మీ అభిప్రాయం ఏమిటి?

గానుగసున్నం:
ముందుగా చట్టం సంగతి. 1990 నాటి రక్షిత కట్టడాల చట్టం ప్రకారం, జాబితాకెక్కిన కట్టడానికి అతుక్కుని ఉన్న నిర్మాణం కూడా ఆ రక్షణ కిందికే వస్తుంది. వివరణలో పేరు లేనంత మాత్రాన కొట్టు దాని నుంచి తప్పిపోదు.

ఇక అసలు విషయం. నా దృష్టిలో ఆ కొట్టులోని ఖాళీ చోటే దాని నిర్మాణ విశేషం. బార్లీని రెండు మూడు రోజులు తొట్టిలో నానబెట్టి, నున్నటి నేల మీద కొన్ని అంగుళాల మందాన పరిచి, ఇంచుమించు పది పన్నెండు రోజులు చెక్క పారలతో తిరగేస్తూ మొలకెత్తిస్తారు. మొలకెత్తే గింజ వేడెక్కుతుంది. ఆ వేడి ఒకేచోట పేరుకుంటే సరుకు చెడిపోతుంది. అందువల్లనే నేల ఈ కొస నుంచి ఆ కొస వరకు అడ్డు లేకుండా సాగుతుంది, చల్లదనం నిలకడగా ఉండేందుకు కప్పు బాగా కిందికి ఉంటుంది, కిటికీలు వెలుతురు కోసం కాక గాలిని కావలసినంతే లోపలికి వదలడం కోసం చిన్నవిగా, చెక్క రెక్కలతో ఉంటాయి. ఆరబెట్టే బట్టీలో కింద నిప్పు, దానిపైన సన్నని రంధ్రాలున్న పెంకుల నేల, కప్పు మీద ఆవిరి పోయే గూడు ఉంటాయి. రాత్రివేళ కూడా లేచి గింజనూ నిప్పునూ చూసుకోవలసిన పని ఇది. కొట్టు ఇంటికి ఆనుకుని ఉండటంలోని సౌకర్యం అక్కడే తెలుస్తుంది.

మరొకటి చెప్పాలి. 1697 నుంచి 1880 వరకు అక్కడ మాల్ట్ మీద పన్ను ఉండేది. పన్ను అధికారి వచ్చి తొట్టిలోని గింజనూ, తొట్టి నుంచి తీసి రాశి పోసిన గింజనూ కొలిచేవాడు. అంటే ఆ తొట్టి ప్రభుత్వం లెక్క కట్టే కొలపాత్ర కూడా. అటువంటి తొట్టి మీద స్నానాల గది కట్టడానికి నా మనసు ఒప్పదు.

ఎర్రమట్టి:
మీ వివరణ విలువైనదే, కాని మీ నిర్ణయంతో నేను ఏకీభవించలేను. రైలు మార్గాల వెంట పెద్ద మాల్ట్ కర్మాగారాలు వచ్చాక పొలాల్లోని చిన్న కొట్లకు పని పోయింది. వాడకం లేని ఇంటిపై పెంకు జారినా చూసే నాథుడుండడు. దూలం కొన నాని పుచ్చిపోయాక గాని విషయం బయటపడదు. సఫోక్‌లోని స్నేప్‌లో మాల్ట్ భవనాన్ని 1967లో సంగీత సభా మందిరంగా మార్చారు కనుకనే అది ఈనాటికీ జనంతో కళకళలాడుతోంది. ష్రూస్‌బరీలోని డిథరింగ్టన్ అవిసె నార మిల్లు చూడండి. 1797 నాటి ఆ కట్టడం ఇనుప చట్రంతో లేచిన ప్రపంచపు తొలి భవనం. మిల్లు మూతపడ్డాక 1897లో అది మాల్ట్ తయారీకి మారింది. అప్పుడు పెద్ద కిటికీలను మూసి చిన్నవి పెట్టారు. ఆనాడు మాల్ట్ కోసం కిటికీలు మార్చడం తప్పు కాకపోతే, నేడు మనుషుల కోసం మార్చడం ఎలా తప్పవుతుంది?

గానుగసున్నం:
ఎర్రమట్టి గారూ, ఇది న్యాయమైన ప్రశ్న. మనుషులు అక్కడ నివసించడాన్ని నేను కాదనడం లేదు. అయితే స్నేప్ ఉదాహరణ మీ వాదనకు బలం చేకూర్చదు. అక్కడ లోపలి గోడలు తీసి ఒకే విశాలమైన చోటుగా మలిచారు. ఇక్కడ జరగబోయేది దానికి సరిగ్గా విరుద్ధం. డిథరింగ్టన్‌లోనైతే మిల్లు చరిత్రనూ మాల్ట్ చరిత్రనూ రెండింటినీ చదువుకోగలిగేలా బాగుచేసి 2022లో తెరిచారు. ఒక కాలపు గుర్తు కోసం మరో కాలపు గుర్తును చెరిపేయకూడదన్నది, విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించిన నాటి నుంచీ అక్కడ బలంగా ఉన్న ఆలోచన.

కనుక పడకలు పాత ఇంట్లోనే ఉండనివ్వండి. కొట్టును నిలువునా ఒకే పొడవాటి గదిగా, వంటకూ భోజనానికీ కూర్చోవడానికీ వాడుకోవచ్చు. గోడలకు మాత్రం సిమెంటు పూత వద్దు. మన పాత మిద్దెల గానుగ సున్నం లాగే అక్కడి సున్నపు పూత కూడా తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు దాన్ని లోపలే బంధించి కలపను కుళ్లబెడుతుంది.

ఎర్రమట్టి:
ఒకే పొడవాటి గది అంటే నాకు అభ్యంతరం లేదు. కాని ఆ చిన్న కిటికీల వెలుతురు వంటకు చాలదు. పైకప్పులో, పొలం వైపు వాలున, ఒకటి రెండు అద్దాలకైనా ఒప్పుకోవాలి.

వేపచెట్టు:
నిన్న యజమాని అనుమతితో లోపలికి వెళ్లి చూశాను. బట్టీ ఉన్న కొసన వాసాలకు ఇంకా మసి ఉంది. పశువుల తొట్టి వెనుక రంధ్రాల పెంకు ముక్క ఒకటి కనిపించింది. నివాసానికి సమ్మతి, అడ్డుగోడలకు అభ్యంతరం, పొలం వైపు వాలున ఒక్క అద్దానికి మాత్రం ఒప్పుదల అని రాసి, ఆ పెంకు ఫొటో జతచేసి పంపాను. గడువుకు ఇంకా తొమ్మిది రోజులుంది.